ఆరేళ్లు తొక్కాక నా కార్బన్ సైకిల్ సంగతి

2019లో కార్బన్ ఫ్రేమ్ మౌంటెన్ బైక్ తెచ్చినప్పుడు ఇంట్లో మొదట వచ్చిన మాట, "ప్లాస్టిక్ సైకిల్‌కి అంత డబ్బు తగలేశావా?" అని. పూర్తిగా తప్పూ కాదు. కార్బన్ పోగులకు ఎపాక్సీ జిగురు పట్టించి గట్టిపరిచేదే ఈ ఫ్రేము. ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న హార్డ్‌టెయిల్ నాది. గుంటూరు నుంచి కొండవీడు ఘాట్, మంగళగిరి వైపు మట్టి దారులు, కాలవ గట్లు, అన్నీ దీని మీదే.

అందరూ అడిగేది మన మే నెల ఎండ గురించి. గంటలకొద్దీ ఎండలో నిలబెట్టాను. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది, ఫ్రేముకి ఏమీ కాలేదు. ఆ ఎపాక్సీ మెత్తబడాలంటే మామూలుగా 100 డిగ్రీలు దాటాలి.

ఒకసారి కొండవీడు దిగుతుంటే ముందు చక్రం కింద నుంచి రాయి ఎగిరి డౌన్ ట్యూబ్‌కి, అంటే హ్యాండిల్ దగ్గర్నుంచి పెడల్స్ దాకా దిగే కింది గొట్టానికి, ఠక్కున తగిలింది. గుండె ఆగినంత పనైంది. చూస్తే కందిగింజంత పెయింట్ లేచింది. రూపాయి బిళ్లతో ట్యూబ్ పొడవునా కొట్టుకుంటూ వెళ్లాను. లోపల పొరలు విడిపోతే ఆ చోట శబ్దం మొద్దుగా వస్తుంది. నాకు అంతటా టిక్ టిక్ మనే పలికింది. ఇంటికొచ్చి పాత టైరు ముక్క కోసి అక్కడ కట్టేశాను, ఇప్పటికీ అదే ఉంది.

అసలు శత్రువు మన నల్లరేగడి. వానలో గట్టు మీదకి వెళితే వెనక టైరుకీ, పెడల్స్ నుంచి ఆ చక్రం దాకా వెళ్లే చైన్ స్టే గొట్టానికీ మధ్య ఇరుక్కుని, ఇసుక కాగితంలా అరగదీస్తుంది. ఒక సీజన్‌లోనే పెయింట్ పోయి కింద నల్లటి నేత బయటపడింది. ఇప్పుడు అక్కడ మందపాటి టేపు వేశాను, వానాకాలం రేగడి జోలికి పోను.

పగులు మాత్రం కొండ మీద రాలేదు, సర్వీసింగ్‌లో వచ్చింది. సీటు కడ్డీని పట్టి ఉంచే క్లాంపు మీద, ఎంత బిగించాలో 5 న్యూటన్ మీటర్లని రాసే ఉంది. షాపులో కుర్రాడు పొడుగు ఎలన్ కీతో బలమంతా పెట్టి బిగించాడు. రెండు వారాలకి తొక్కుతుంటే కటకటమని చప్పుడు. నూలు గుడ్డతో తుడుస్తుంటే సీటు ట్యూబ్ అంచున ఒక పోగు తట్టుకుంది. ఫోన్ లైటు వేసి చూస్తే వెంట్రుకంత గీత. ఎక్కువ బిగించి పగలగొట్టినదానికి వారంటీ రాదన్నారు. బెంగళూరు పంపి, ఆ చోటు సానబట్టించి, కొత్త కార్బన్ గుడ్డ చుట్టించి తెప్పించుకున్నాను. మూడు వారాలు సైకిల్ లేదు. మూడేళ్లయింది, అక్కడ మళ్లీ చప్పుడు లేదు.

ఇంకోటి, మన ఉక్కపోతకి చెమట ఉప్పు దిగి సీటుని మోసే అల్యూమినియం కడ్డీ (సీట్ పోస్ట్) కార్బన్ ట్యూబ్‌లో బిగుసుకుపోతుంది. నెలకోసారి తీసి తుడిచి కార్బన్ పేస్టు రాసుకోవాలి.

బరువు కోసమే అయితే కొనకండి. అల్యూమినియంతో తేడా అరకిలో దగ్గర్లోనే. ఈ ఆరేళ్లలో నా పొట్ట అంతకు పదింతలు పెరిగింది. గతుకుల్లో చేతులు తక్కువ జివ్వుమంటాయి, అది మాత్రం నిజం. ఎంత బిగించామో చూపించే టార్క్ రెంచి కొని బోల్టులు మీరే బిగించుకుంటానంటే తీసుకోండి. ప్రతి చిన్నదానికీ షాపుకి ఇచ్చేవాళ్లకి అల్యూమినియమే మేలు.

ఇప్పుడు వేరే షాపుకి వెళ్తున్నాను. ఇచ్చే ముందు సీటు బోల్టు మీద "ముట్టుకోవద్దు" అని రాసి టేపు అంటిస్తాను. అక్కడి కుర్రాడు ప్రతిసారీ నవ్వుతాడు.