లైటు వెలిగింది, ముందు చక్రాలు తిరగలేదు: మూడేళ్ల తర్వాత నా ఏటీవీ

ఏటీవీ అంటే రోడ్డు లేని చోట, బురదలో తిరిగే నాలుగు చక్రాల బండి. నాది మూడేళ్లు, 4,100 కిలోమీటర్లు నడిచింది. అంతా చెరువు గట్ల మీదే, రోడ్డెక్కించడానికి దీనికి రిజిస్ట్రేషన్ ఇవ్వరు కదా. మాది మలికిపురం దగ్గర, సముద్రం వైపు, వన్నామి రొయ్యల చెరువులు. మేత బస్తాలూ డీజిల్ క్యాన్లూ మోయడానికి కొన్నాను. ఇంజను, సస్పెన్షన్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. నా కోపమంతా ఒక్క లైటు మీద.

మామూలుగా బండిని వెనక చక్రాలే తోస్తాయి. ముందు చక్రాలూ కలవాలంటే హ్యాండిల్ మీద స్విచ్ నొక్కాలి, అప్పుడు హ్యాండిల్ దగ్గరి మీటర్లో ఫోర్ వీల్ గుర్తు వెలుగుతుంది. అది వెలిగిందంటే ముందు చక్రాలు పట్టుకున్నట్టే అనుకునేవాణ్ణి. కాదు. నా బండిలో ఆ లైటు స్విచ్ నొక్కారని మాత్రమే చెబుతుంది. ముందు గేర్‌బాక్సులో ఒక కాయిల్ ఉంటుంది, కరెంటు అంది అది అయస్కాంతమైతేనే ముందు చక్రాలు పని అందుకుంటాయి. ఆ కాయిల్ దాకా కరెంటు వెళ్లిందో లేదో లైటుకి తెలియదు.

ఈ సంగతి నాకు తెలిసింది ఆగస్టులో, రాత్రి రెండింటికి. కరెంటు పోయింది, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగాయి, జనరేటర్లో డీజిల్ అడుగంటింది. ఆ వేళలో ఏరేటర్లు అరగంట ఆగితే రొయ్య పైకి తేలడం మొదలుపెడుతుంది. రెండు క్యాన్లు వెనక కట్టుకుని బయల్దేరాం. మూడో చెరువు మలుపులో గట్టు నానిపోయి ఉంది, వెనక చక్రాలు ఇరుసు దాకా దిగిపోయాయి. స్విచ్ నొక్కాను. లైటు చక్కగా వెలిగింది. టార్చి పట్టుకుని ముందు నిలబడ్డ మా కుర్రాడు, "ఏమండీ, లైటెలుగుతుంది గానండీ, ముందు చక్రాలకి ఉలుకూ పలుకూ లేదండీ" అన్నాడు. క్యాన్లు భుజాన వేసుకుని బురదలో నడిచాం. రొయ్య దక్కింది, నా నడుము మాత్రం నాలుగు రోజులు లేవలేదు.

టౌన్లో సర్వీసు వాళ్లు ఫ్యూజు చూశారు, రిలే మార్చారు. కాయిల్ ప్లగ్గు ఊడదీసి మల్టీమీటరు పెడితే 12.3 వోల్టులు చూపించింది. "కరెంటు వస్తోంది సార్, కాయిలే పోయింది" అన్నారు. కొత్త కాయిల్, లేబరు కలిపి 18 వేలు. పన్నెండు రోజులు బాగానే నడిచింది. పదమూడో రోజు అదే గట్టు, అదే మలుపు.

అప్పుడు రాజోలులో ట్రాక్టర్లకీ ఆటోలకీ వైరింగు చేసే ఒక పెద్దాయన్ని తీసుకొచ్చాను. ఏటీవీ ఆయనకి అదే మొదలు. పాత కాయిల్ చూపిస్తే రెండు కొసలకీ మీటరు పెట్టి, "24 ఓమ్‌లు, ఇది బానే ఉంది కదా బాబూ" అన్నాడు. నేను మాట్లాడలేదు. తర్వాత మీటరు పక్కన పడేసి, జేబులోంచి 5 వాట్ల పార్కింగ్ బల్బు తీశాడు, దానికి రెండు వైర్లు. ప్లగ్గులో పెడితే బల్బు ఎర్రగా, గుడ్డిగా వెలిగింది. ఎర్త్ వైపు, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైపు, కొస తీసి నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి పట్టాడు. భగ్గున వెలిగింది! అంటే ప్లస్ వైపు అంతా బాగుంది, ఎర్త్‌లో ఉంది తేడా. మళ్లీ బల్బు ప్లగ్గులోనే వెలిగించి, బ్యాటరీ నెగటివ్‌కీ ఆ ఎర్త్ వైరుకీ మధ్య మీటరు పెడితే 4.6 వోల్టులు. అక్కడ సున్నాకి దగ్గరగా ఉండాలి.

మీటరు కరెంటు దాదాపు లాగదు. అందుకే జాయింటు ఎంత పాడైనా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. కాయిల్ లాగడం మొదలుపెట్టగానే ఆ జాయింటు దగ్గరే మూడో వంతు పైగా పోతుంది. సర్వీసు వాళ్లు మోసం చేశారని అనను, బల్బు పెట్టలేదు, అంతే. విప్పి బిగించినప్పుడు ఆ వైరు కదిలి, కొన్నాళ్లు పట్టు దొరికినట్టుంది.

ఛాసిస్‌కి ఎర్త్ బిగించిన బోల్టు ముందు మడ్‌గార్డు వెనకాల ఉంది, సరిగ్గా బురద చిమ్మే చోట. విప్పితే రింగు నిండా పచ్చటి చిలుము, దాని మీద పొరలుగా ఎండిన ఒండ్రు. గరుకు కాగితంతో ఇత్తడి మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వ్యాజిలిన్ పూశాడు. 400 రూపాయలు తీసుకున్నాడు, ఒక టీ.

మొదటి ఏడాది నేను అందరికీ చెప్పిన మాట ఒకటుంది: బురదైతే ఏముంది, పైపు పెట్టి కడిగేస్తే సరి. దాన్ని ఇప్పుడు కాస్త సవరించుకోవాలి. మా పైపులో వచ్చేది చెరువు నీళ్లే, నాలిక మీద పెడితే ఉప్పన. మూడేళ్లు ఆ నీళ్లతోనే కడిగించింది నేనే. ఇప్పుడు చివర్లో మంచినీళ్లు పోయిస్తున్నాను, నెలకోసారి ఆ బోల్టు విప్పి చూస్తున్నాను. కాయిల్ వైర్లకి పక్కగా ఒక చిన్న బల్బు కూడా పెట్టించాను, మీటర్లో లైటు వెలిగి ఇది గుడ్డిగా ఉంటే గట్టు ఎక్కను.

కొనమంటావా అని తమ్ముడు అడుగుతున్నాడు. వాడిది జగ్గంపేట వైపు పామాయిల్ తోట, ఉప్పుగాలి లేదు, వాడికైతే బాగానే నడవొచ్చు. కొత్తది ఎందుకు, నీదే ఇచ్చెయ్యి అంటున్నాడు. ఈ పంట పట్టేదాకా ఆగమన్నాను.