వినైల్ ప్లాంకుల కింద ఏ షీటు మేలు?

నేల మీద పరిచే ప్లాస్టిక్ పలకలు, అంటే వినైల్ ప్లాంకులు కొనేటప్పుడు రంగు, డిజైన్ చూసుకోవడానికే పూటంతా గడిచిపోతుంది. అడుగున పరిచే షీటు మాత్రం షాపులో ఏది చుట్టి ఇస్తే అదే తెచ్చుకుంటాం. ఫ్లోర్ ఎన్నాళ్లు నిలుస్తుందన్నది చాలావరకు దాని మీదే ఉంటుంది.

ముందు ఒక ప్లాంకు తిరగేసి చూడండి. వెనక మెత్తటి పొర అతికించే ఉంటే ఇంకో మెత్తటి షీటు వద్దు. రెండోది వేస్తే చాలా కంపెనీలు వారంటీ ఇవ్వవు. గమ్‌తో అతికించే రకానికి ఆ షీటే అక్కర్లేదు. వెనక పొర లేని, అంచులు ఒకదానిలో ఒకటి లాక్ అయ్యే ప్లాంకులకే ఈ ఎంపిక.

తెల్లటి ఈపీఈ ఫోమ్ అన్నిటికన్నా చవక. కొత్త టీవీకి చుట్టి వస్తుందే, అదే సరుకు. వేలితో నొక్కితే ఇట్టే అణిగిపోతుంది. చెక్క లామినేట్ కింద ఇది నడుస్తుంది గానీ, వినైల్ ప్లాంకు పల్చన. అడుగు పడ్డప్పుడల్లా కిందికి వంగుతుంది. అంచున ఉండే సన్నటి లాకు మీద ఆ ఒత్తిడంతా పడి, కొన్నాళ్లకు విరిగి సందులు తేలతాయి. కాలికి మెత్తగా ఉంటుందని 3 మిల్లీమీటర్ల ఫోమ్ అడగడం లాకులకు చేటు.

ఐఎక్స్‌పీఈ కూడా ఫోమే, కానీ గట్టిది, నీరు పీల్చదు. 1 లేదా 1.5 మిల్లీమీటర్ల మందం చాలు. నా ఓటు దీనికే.

కార్క్ ఖరీదు ఎక్కువ. పిల్లలు పరిగెడితే కింది ఫ్లాటువాళ్లు ఇబ్బంది పడుతున్నారంటే మాత్రం పల్చటి కార్క్‌కి పెట్టిన డబ్బు వృథా కాదు. అది చెట్టు బెరడు కాబట్టి, చెమ్మ ఊరే గచ్చు మీద నేరుగా పరిస్తే బూజు పట్టొచ్చు.

విశాఖలో చెమ్మను తేలిగ్గా తీసుకోకూడదు. మధురవాడలో ఐదో అంతస్తు ఫ్లాటుకు ఐఎక్స్‌పీఈ ఒక్కటే సరిపోవచ్చు. ఎంవీపీ కాలనీలో నేల మీద కట్టిన పాత ఇంటికి అలా కాదు. 18 అంగుళాల చదరం పాలిథిన్ ముక్కను గచ్చు మీద పెట్టి, నాలుగు వైపులా టేపు వేసి, కనీసం 16 గంటలు వదిలేయండి. తీశాక లోపల నీటి బొట్లు ఉన్నా, గచ్చు నల్లబడినా చెమ్మ పైకి వస్తున్నట్టే. ముందు అదెక్కడి నుంచో చూసి ఆపించాలి. ఆ తర్వాత కూడా 150 మైక్రాన్ల పాలిథిన్ పరిచి, అతుకులు ఒకదాని మీద ఒకటి ఎక్కించి టేపు వేసి, దాని మీద ఐఎక్స్‌పీఈ వేయడం మంచిది.

షీటు వేస్తే ఎత్తుపల్లాలు సర్దుకుంటాయని మేస్త్రీ అంటే ఒప్పుకోకండి. 10 అడుగుల పొడవులో తేడా 5 మిల్లీమీటర్లు దాటితే నేలను సమం చేసే లెవెలింగ్ కాంపౌండ్ పోయించాల్సిందే.

చెమ్మ పరీక్ష వానలు బాగా పడ్డాక చేయండి. ఏప్రిల్‌లో పొడిగా కనిపించిన గచ్చు అక్టోబరులో అలాగే ఉంటుందని నమ్మలేం.