ఎనిమిది నెలలుగా టిర్జెపటైడ్ వాడుతున్నా, తలనొప్పి గురించి నా అనుభవం

వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ అండి, షుగర్‌కీ బరువుకీ కలిపి డాక్టర్ గారు రాశారు, మొదలుపెట్టినప్పుడు 91 కిలోలు, ఇప్పుడు 78. బరువు విషయంలో వంక పెట్టడానికేం లేదు. కానీ అందరూ వికారం, వాంతుల గురించే చెప్తారు, తలనొప్పి సంగతి నాకెవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నా.

మొదటి నెల 2.5 మిల్లీగ్రాములు, ఏం తెలీలేదు. 5కి పెంచాక మొదలైంది. ఆదివారం రాత్రి పొట్ట మీద వేసుకుంటే సోమవారం మధ్యాహ్నానికి కణతలు పట్టేసేవి, మంగళవారమైతే కళ్ళు తెరవబుద్ధయ్యేది కాదు, గురువారానికి దానంతటదే పోయేది. మూడు వారాలు ఇదే వరస, మందు పడట్లేదేమో మానేద్దాం అనుకున్నా.

మా అమ్మాయి అడిగింది, అమ్మా పొద్దుట్నించి నీళ్ళెన్ని తాగావ్ అని. లెక్కేస్తే సాయంత్రం అయిదింటికి గ్లాసున్నర! ఆకలి తగ్గుతుందని తెలుసు గానీ దాహం కూడా వేయదని నాకు తెలీదు. పైగా వికారంగా ఉందని కాఫీ మానేశా, ముప్పై ఏళ్ళుగా రోజుకి మూడు కప్పులు తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే తల నొప్పెట్టదా మరి.

అప్పట్నించి లీటరు సీసా పక్కనే పెట్టుకుని దాహం వేసినా వేయకపోయినా గంటగంటకీ రెండు గుక్కలు, రోజుకి రెండు సీసాలు. మధ్యాహ్నం పల్చటి మజ్జిగ, నాకు బీపీ ఉంది కాబట్టి ఉప్పు ఎంత వేసుకోవాలో డాక్టర్ గారిని అడిగే వేసుకున్నా. పొద్దున్న అర కప్పు కాఫీ. అన్నం నాలుగు ముద్దలే దిగినా పూట మాత్రం మానట్లేదు, గుడ్డో పెసరట్టో ఏదో ఒకటి. రెండు వారాల్లో సగానికి పైగా తగ్గిపోయింది.

మిగతాది మాత్రం నీళ్ళతో పోలేదు. ఒకరోజు తలనొప్పితో పాటు చెమటలు, వణుకు, గ్లూకోమీటర్‌లో చూస్తే 62. నేను గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర కూడా వేసుకునేదాన్ని, తిండి తగ్గిపోయి ఆ మాత్ర మాత్రం అలాగే ఉంటే షుగర్ పడిపోతుందట. డాక్టర్ గారు అది ఆపేసి షుగర్ మాత్రల్లో మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉంచారు. బరువు తగ్గేకొద్దీ బీపీ కూడా దిగి లేచి నిలబడితే తల తిరిగేది, నా బీపీ మాత్ర టెల్మిసార్టన్ 40 నుంచి 20 చేశారు. మీరు మాత్రం సొంతంగా ఏదీ ఆపకండి, తగ్గించకండి, దయచేసి అడగండి.

ఇంకోటి, నేను మొదట్లో మెడికల్ షాపులో ఐబుప్రోఫెన్ కలిసిన మాత్ర కొని ఖాళీ కడుపుతో వేసుకునేదాన్ని. డాక్టర్ గారు గట్టిగా కోప్పడ్డారు, ఒంట్లో నీళ్ళు లేనప్పుడు, అందులోనూ ఆ బీపీ మాత్రతో కలిపి అది కిడ్నీల మీద పడుతుందట. తప్పదనుకుంటే ఇప్పుడు పారాసిటమాల్ 650 ఒకటి, అదీ నెలకి ఒకట్రెండు సార్లు.

7.5కి మారిన వారం మళ్ళీ ఒకరోజు వచ్చింది గానీ పని చేసుకోగలిగా. వచ్చే నెల 10 చేద్దామన్నారు, ఈసారి ఆదివారం పొద్దుట్నించే నీళ్ళు మొదలుపెడతా.