హోప్ ఐలాండా, చిలికా మొగా: ఒక్క రోజుంటే ఏది మేలు?

సముద్రం తనకు తానే కట్టుకున్న ఇసుక గట్టు మీద నిలబడితే ఒక చెవిలో కెరటాల హోరు, రెండో చెవిలో నిశ్శబ్దం. తూర్పున అలలు విరుచుకుపడుతుంటాయి, పడమటన నీళ్లు చెరువులా కదలక పడి ఉంటాయి. అక్కడికి రోడ్డు ఉండదు, పడవ ఎక్కాల్సిందే. చలికాలం వచ్చిందంటే మా బంధువుల్లో ఎవరో ఒకరు ఇలాంటి చోటు చూపించమని అడుగుతారు. వాళ్లకు చెప్పే రెండు పేర్లు కాకినాడ ఎదుట ఉన్న హోప్ ఐలాండ్, ఒడిశాలోని చిలికా మొగ. మొగ అంటే సరస్సు సముద్రంలో కలిసే చోటు.

శ్రీహరికోట మాటేమిటని చాలామంది అడుగుతారు. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న అసలైన అడ్డుదీవి అదే. కానీ అది రాకెట్ ప్రయోగ కేంద్రం, మనకు నచ్చినట్టు ఒడ్డున తిరగనివ్వరు. సూళ్లూరుపేట నుంచి సరస్సు మీదుగా వెళ్లే దారిలో ఆగి రాజహంసలను చూసి రావడం మంచి ప్రయాణమే గాని, అది వేరే ప్రయాణం.

ముందు హోప్ ఐలాండ్ సంగతి. గోదావరి తెచ్చిపోసిన ఇసుకను తీరం వెంట ఉత్తరానికి పారే ప్రవాహం కొంచెం కొంచెంగా నెట్టుకుపోయి ఈ దిబ్బను పెంచింది. వయసు సుమారు 200 ఏళ్లు, పొడవు సుమారు 16 కిలోమీటర్లు, ఆకారం తోకకప్పలా ఉంటుంది. మన తాతల తాతలు పుట్టే నాటికి ఇంకా పూర్తిగా తయారవని నేల మీద నడుస్తున్నామన్న ఊహే నన్ను ప్రతిసారీ కట్టిపడేస్తుంది. 1839 నాటి ఉప్పెన ఆ పక్కనే ఉన్న కోరంగి రేవును ఊడ్చేసింది. ఆ రేవు మళ్లీ కోలుకోలేదు, వ్యాపారం కాకినాడకు చేరింది. ఇవాళ బయట సముద్రం పోటెత్తినా కాకినాడ ఖాతంలో ఓడలు నిలకడగా లంగరు వేసుకుంటున్నాయంటే, ఎదురుగా అలలకు వీపు అడ్డం పెట్టిన ఈ ఇసుక దిబ్బ వల్లనే. కాకినాడలో ఉంటూ దాన్ని ఒక్కసారీ చూడనివాళ్లు వేలల్లో ఉన్నారు. నాకు అది బాధగానే ఉంటుంది.

అక్కడ చూడటానికి ఏముంది? నిజం చెప్పాలంటే ఇసుక, గాలి, పీతలు, దూరాన మడ అడవుల పచ్చటి గీత. పుత్రయపాకల అనే చిన్న మత్స్యకార పల్లె తప్ప మనుషుల సందడి లేదు. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టిపోతాయి. పగలు వెళ్లిన మనకు మిగిలేది ఇసుక మీద వాటి కాళ్ల జాడలే. రెండు వైపులా తెడ్లతో తోసుకుంటూ పోయినట్టుండే ఆ జాడను మొదటిసారి చూసినప్పుడు మేమంతా మాట్లాడటం మానేసి అలాగే నిలబడిపోయాం. ఆ జాడల మీద, కంచె కట్టిన గూళ్ల దగ్గర అడుగు వేయవద్దు.

నీడ లేదు, అంగడి లేదు. తాగునీళ్లు మనిషికి కనీసం 3 లీటర్లు మోసుకెళ్లాలి. మేము ఒకసారి తలకో సీసా చాలనుకుని వెళ్లి, పదిన్నరకే గొంతులెండి పడవ ఎప్పుడు బయలుదేరుతుందా అని ఎదురుచూశాం. చిన్నపిల్లలు ఏడుస్తుంటే సముద్రం అందంగా కనిపించదు. పులిహోర, పెరుగన్నం ఇంటి నుంచే కట్టుకోండి. తీసుకెళ్లిన ప్రతి కవరూ, ప్రతి సీసా తిరిగి పడవలోకి ఎక్కాలి. ఊడ్చేవాళ్లు ఎవరూ లేని చోటు అది.

అక్కడ అన్నిటికన్నా పెద్ద చిక్కు పడవ. పడవను బట్టి ప్రయాణం అరగంట నుంచి గంటకు పైగా పడుతుంది. పర్యాటక పడవలు అన్ని రోజులూ నడవవు. గాలివాటం బాగాలేకపోతే ఆపేస్తారు, అనుమతులు మారుతుంటాయి. అందుకే వెళ్లే ముందు రోజు పర్యాటక శాఖనో, అటవీ శాఖనో అడిగి తేల్చుకోవాలి. అనుమతి లేని చేపల పడవ ఎక్కి వెళ్లవద్దు, ఎంత తక్కువకు తీసుకెళ్తామన్నా సరే. లైఫ్ జాకెట్ లేని పడవ అసలే వద్దు. పైగా ఖాతం లోతు తక్కువ. పాటు సమయంలో, అంటే నీరు వెనక్కి తీసినప్పుడు, మర పడవ బురదలో ఇరుక్కుందంటే మళ్లీ పోటు వచ్చేదాకా కదలదు. తిరుగు ప్రయాణం ఎప్పుడో పడవ నడిపే సరంగు చెప్పిన గంటనే నమ్మండి. మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి పెరుగుతుంది కనుక పొద్దున్నే బయలుదేరి మధ్యాహ్నం రెండింటిలోపు తిరిగి ఒడ్డు చేరడం మంచిది.

చిలికా తీరు వేరు. సరస్సుకూ సముద్రానికీ మధ్య సుమారు 60 కిలోమీటర్ల పొడవైన ఇసుక గట్టు ఉంది, దానికి ఎక్కడో ఒకచోట మొగ. ఈ మొగ ఒకేచోట ఉండదు. ఇసుక పూడుకుపోయి సరస్సులోకి ఉప్పునీరు రావడం తగ్గి, చేపలూ తగ్గిపోతే, 2000 సెప్టెంబరు 23న సిపకుడ దగ్గర గట్టును తవ్వి కొత్త దారి తెరిచారు. తర్వాతి ఏళ్లలో చేపలు మళ్లీ పెరిగాయి. 2019 మేలో ఫణి తుపాను గట్టును తానే తెంచి మరికొన్ని దారులు తెరిచింది. హోప్ ఐలాండ్‌లో ఇసుక పెరగడం కనిపిస్తే, ఇక్కడ ఇసుక తెగడం కనిపిస్తుంది.

మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. హౌరా లైనులో బాలుగావ్‌లో దిగితే సరస్సు ఎదురుగానే ఉంటుంది కనుక అక్కడే దిగిపోతారు. అది పడమటి ఒడ్డు. అక్కడి పడవలు ప్రధానంగా కాళీజాయి గుడికి, పక్షుల వైపుకు వెళ్తాయి. సముద్రపు గట్టు చూడాలంటే తూర్పున ఉన్న సతపడకు వెళ్లాలి, అది పూరీ నుంచి సుమారు 50 కిలోమీటర్లు. జగన్నాథ దర్శనానికి వెళ్లేవాళ్లు పూరీలో ఒక రాత్రి ఎక్కువ ఉంటే, పొద్దున్నే కారులో బయలుదేరి సాయంత్రానికి తిరిగి వచ్చేయొచ్చు. విశాఖ నుంచి ఒక్క రోజులో పోయి రావడం మాత్రం కుదరదు.

సతపడ రేవులో పడవను మొత్తంగా మాట్లాడుకోవాలి. నలుగురూ పంచుకుంటే భారం తగ్గుతుంది. దారిలో ఇరావడీ డాల్ఫిన్లు కనిపించే అవకాశం ఉంది. సరస్సంతటా వాటి సంఖ్య సుమారు నూట యాభై మాత్రమే కనుక, వెంటపడి తరమకుండా ఇంజను ఆపి చూపించమని సరంగుకు ముందే చెప్పండి. రాజహంస అనే చోట దిగి ఇసుక దాటితే అవతల సముద్రం. పాకల్లో టీ, కొబ్బరి నీళ్లు దొరుకుతాయి కనుక పెద్దవాళ్లకూ పిల్లలకూ ఇబ్బంది ఉండదు. అయితే అదే కారణంగా జనమూ ఉంటారు, నిశ్శబ్దం ఉండదు. కళ్లెదుటే ఆల్చిప్పలు పగలగొట్టి ముత్యాలు తీసి చూపేవాళ్లుంటారు, అది మోసం, కొనవద్దు.

స్నానం విషయంలో రెండు చోట్లా నా మాట ఒకటే: మొగ దగ్గర గాని, దిబ్బ కొన దగ్గర గాని నీళ్లలో దిగవద్దు. నీరు వెనక్కి తీసే వేళ అక్కడి లాగుడు గజ ఈతగాణ్ని కూడా సముద్రంలోకి ఈడ్చుకుపోతుంది.

తల్లిదండ్రులో చిన్నపిల్లలో వెంట ఉంటే సందేహం లేకుండా చిలికానే. పూరీ యాత్రతో కలుస్తుంది, దాహానికి నీళ్లు దొరుకుతాయి, పడవలు ఆగిపోయినా ఆ రోజు దండగ కాదు. నడవగలిగినవాళ్లు, ఎండకు ఓర్చుకోగలిగినవాళ్లు నలుగురైదుగురు ఉంటే నా ఓటు హోప్ ఐలాండ్‌కే. అక్కడి ఏకాంతం సతపడలో దొరకదు. పైగా అది మన గోదావరి ఇసుక. దేనికైనా డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకే అనువైన కాలం. అక్టోబరు, నవంబరుల్లో తుపానుల భయం, మార్చి దాటితే ఇసుక మీద కాలు పెట్టలేం.

కాకినాడ వెళ్లాక పడవ లేదన్నారనుకోండి, దిగాలు పడవద్దు. పక్కనే ఉన్న కోరంగి అభయారణ్యంలో మడ చెట్ల మధ్యగా చెక్క వంతెన బాట ఉంది. నీళ్లు తగ్గిన వేళ వెళ్తే చెట్ల వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకు వచ్చి ఊపిరి పీల్చుకోవడం చూడవచ్చు. దిబ్బ మీద కాలు మోపడానికి మరో చలికాలం చూసుకోవచ్చు.