త్రీనాట్‌త్రీకి 0.315 సైజింగ్ డై: నాలుగేళ్లు వాడాక

అంగుళంలో వెయ్యో వంతుని బాలానగర్ లేత్ షాపుల్లో థౌ అంటారు. వేసవి సెలవుల్లో మా పెదనాన్న షాపులో కూర్చుని, ‘రెండు థౌలే తీయరా, మూడు తీశావంటే జాబ్ పోయినట్టే’ అని ఆయన పనివాళ్లతో అనడం వింటూ పెరిగినవాణ్ణి నేను. అలాంటిది డాలస్‌లో నా సొంత రైఫిల్ దగ్గరికి వచ్చేసరికి ఆ మాట గుర్తుకే రాలేదు. మూడు థౌల తేడా ఎక్కడుందో కనిపెట్టడానికి ఏడాదిన్నర పట్టింది. బుల్లెట్‌ని కచ్చితమైన కొలతకి నొక్కే ఈ డై అంటే నాకు ఇంత ఇష్టం ఏర్పడింది అందుకే.

ఇంట్లో తూటాలు తయారు చేసుకునే ప్రెస్‌కి డైని ఎలా బిగించాలి, ఎంత లూబ్ రాయాలి లాంటివి రాయను, కొనేవాళ్లందరికీ తెలిసినవే. లోపల 0.315 అంగుళాల రంధ్రం ఉన్న ఉక్కు గొట్టం ఇది, పోతపోసిన సీసం బుల్లెట్‌ని కింద నుంచి తోస్తే ఆ కొలతకి నొక్కుకుని పైనుంచి బయటికొస్తుంది. నాది ఒక చిన్న మెషిన్ షాపు ఆర్డర్ మీద చేసి పంపింది. సుమారు మూడు వేల బుల్లెట్లు దీని గుండా వెళ్లాయి, ఇప్పటికీ లోపల ఒక్క గీత లేదు.

రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4, కెనడాలో లాంగ్ బ్రాంచ్ ఫ్యాక్టరీలో 1943లో చేసింది. దీన్నే కొనడానికి కారణం నాన్న. ఆయన పోలీసు కానిస్టేబుల్‌గా చేశారు, స్టేషన్ ముందు సెంట్రీ డ్యూటీలో ఆయన భుజాన ఉండే త్రీనాట్‌త్రీని చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో. ఆయనది ఈ మోడల్ కాదు, దీనికి ముందుది, మన ఇషాపూర్ ఫ్యాక్టరీది. తూటా మాత్రం రెంటికీ ఒకటే.

మొదట్లో జాకెట్ బుల్లెట్లే, అంటే రాగి తొడుగున్నవే, వాడాను. డబ్బా మీద 303 బ్రిటిష్ అని ఉంది, వ్యాసం 0.311, వెనకభాగం పడవ ఆకారంలో సన్నబడే రకం. పుస్తకంలో ఉన్న పౌడర్ కొలత దాటలేదు, ప్రతి కేస్‌నీ, అంటే తూటా ఇత్తడి గొట్టాన్నీ, ఒకే పొడవుకి కత్తిరించాను, ప్రతి తూటానీ తూచాను. వంద గజాల దగ్గర పది రౌండ్లు కొడితే ఎనిమిది అంగుళాల వెడల్పున చెల్లాచెదురుగా పడ్డాయి. వాటిలో రెండు రంధ్రాలు గుండ్రంగా లేవు, బుల్లెట్ అడ్డం తిరిగి కాగితాన్ని పక్కకి చీల్చుకుంటూ పోయిన గుర్తులు అవి. తాళం రంధ్రంలా ఉంటుందని దాన్ని కీహోల్ అంటారు. అది కనిపిస్తే బుల్లెట్‌కి బ్యారెల్‌లో తగినంత తిప్పుడు అందలేదనుకోవచ్చు.

నేను అలా అనుకోలేదు. చూపు మీద అనుమానం వచ్చి అద్దాలు మార్పించుకున్నాను. ముందు సైట్ వదులుగా ఉందేమోనని బిగించాను. చెక్క దగ్గర బ్యారెల్ ఎక్కడ తగులుతోందో చూడ్డానికి స్టాక్ మొత్తం ఊడదీశాను. ఈ పనులన్నీ చేస్తున్నంత కాలం, డబ్బా మీద ఉన్న అంకెని నమ్మానే గానీ నా బ్యారెల్‌ని కొలవాలన్న ఆలోచన రాలేదు, అదే ఇప్పటికీ బాధ.

రేంజ్‌లో పక్క బెంచీ మీద కూర్చునే ఒక పెద్దాయన, రిటైరైన మెషినిస్ట్, నా టార్గెట్ చూసి ఒకే ప్రశ్న అడిగారు. నీ బోర్, అంటే బ్యారెల్ లోపలి రంధ్రం, ఎంత? 303 అన్నాను. అది పేరు, నేనడిగింది కొలత అన్నారు.

ఆ రాత్రే స్లగ్గింగ్ చేశాను, అంటే బ్యారెల్ గుండా మెత్తటి సీసాన్ని తోసి లోపలి కొలత తీయడం. బోల్ట్ తీసేసి, తూటా కూర్చునే చాంబర్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, బ్యారెల్‌ని మెరిసేదాకా తుడిచి, పల్చగా నూనె రాశాను. చేపల గాలానికి కట్టే మెత్తటి సీసం గుండు, బోర్ కన్నా కొంచెం లావుది, మూతి దగ్గర పెట్టి చెక్క సుత్తితో కొట్టాను. చుట్టూ సన్నటి సీసం ఉంగరం ఒకటి తెగి పడి, గుండు లోపలికి దిగింది. అక్కడి నుంచి ఇత్తడి కడ్డీతో మెల్లగా తోశాను. కొలతల కంటే ఆ కడ్డీ చేతికి చెప్పిందే ఎక్కువ గుర్తుంది: మూతి దగ్గర నాలుగు అంగుళాలు బిగువుగా వెళ్లింది, మధ్యలో ఒకే తీరుగా జారింది, చాంబర్ వైపు చివరి రెండు అంగుళాల్లో పట్టు వదిలేసినట్టు ఒక్కసారిగా తేలికైపోయింది. కార్డైట్ అనే పాత మందు చాలా వేడిగా మండేది, అది ఎన్నేళ్లపాటు ఈ బ్యారెల్ గొంతుని తినేసిందో ఆ తేలికదనంలో తెలిసిపోయింది.

బయటికొచ్చిన సీసాన్ని కాలిపర్‌తో పట్టుకుంటే 0.310 చూపించింది. ఇంకేముంది, నా బుల్లెట్లు బ్యారెల్ కన్నా లావే కదా అని ఊరుకున్నాను. ఎన్‌ఫీల్డ్‌ని మొదటిసారి స్లగ్ చేసేవాళ్లు పడే గొయ్యి ఇదే. బుల్లెట్‌ని తిప్పడానికి బ్యారెల్ లోపల మెలికగా కోసిన గాడులు ఉంటాయి, ఈ బ్యారెల్‌లో ఉన్నవి ఐదు. ఐదు బేసి సంఖ్య, కాబట్టి ప్రతి గాడికీ సరిగ్గా ఎదురుగా ఉండేది ఇంకో గాడి కాదు, రెండు గాడుల మధ్య ఉండే మిట్ట. మామూలు కాలిపర్ ఒక వైపు గాడి అచ్చునీ రెండో వైపు మిట్ట అచ్చునీ పట్టుకుని, అసలు వ్యాసం కన్నా తక్కువ చెబుతుంది. గాడులు నాలుగో ఆరో ఉన్న రైఫిల్‌కి ఈ తలనొప్పి లేదు.

ఆ సీసం ముక్కని పెద్దాయన ఇంటికి తీసుకెళ్లాను. ఐదు అంచుల కటింగ్ టూల్స్ కొలవడానికి వాడే వీ ఆకారపు మైక్రోమీటర్ ఆయన దగ్గర ఉంది. మూడుసార్లు తిప్పి తిప్పి కొలిచారు, మూడుసార్లూ 0.314 వచ్చింది. మా పెదనాన్న పాత మైక్రోమీటర్‌ని చెవి దగ్గర పెట్టుకుని తిప్పే తీరు ఒక్కసారి కళ్లముందు కదిలింది.

అంటే నా జాకెట్ బుల్లెట్ గాడుల అడుగుకి మూడు థౌలు తక్కువ. పైగా పడవ అడుగు కావడంతో వెనక నుంచి గ్యాస్ నెట్టినప్పుడు ఉబ్బి ఖాళీని మూసుకునే గుణమూ తక్కువే. బ్రిటిష్ సైన్యం వాడిన మార్క్ 7 బుల్లెట్ అడుగు చదునుగా ఉండేది, అరిగిన బ్యారెళ్లలో అదే కాస్త నయం. ఇక 303 అన్నది గాడుల మధ్య కొలతే కాదు, మిట్టల మీదుగా కొలిచే బోర్ వ్యాసాన్ని బట్టి పెట్టిన పేరు. పేర్ల సంగతి ఇంతే: 44 మాగ్నమ్ బుల్లెట్ 0.429, 38 స్పెషల్‌ది 0.357 లేదా 0.358. జర్మన్ 8 మిల్లీమీటర్‌లో పాత 0.318 బోర్ ఒకటి, తర్వాతి 0.323 బోర్ ఒకటి. ఆ పాత బోర్‌లోకి కొత్త లావు బుల్లెట్ కొడితే పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. నా బుల్లెట్ సన్నగా ఉంది కాబట్టి కాగితం పాడైంది, లావైన బుల్లెట్ అయి ఉంటే మనిషికే ముప్పు.

అందుకని సొంతంగా పోతపోసే సీసం బుల్లెట్‌కి మారాను. అది గాడి కొలత కన్నా ఒకటి రెండు థౌలు లావుగా ఉండాలన్నది పోతపోసేవాళ్ల పాత లెక్క. అందుకే 0.315 ఆర్డర్ ఇచ్చాను. సీసం అడుగుని వేడి గ్యాస్ నుంచి కాపాడే చిన్న రాగి కప్పు, గ్యాస్ చెక్, తొడిగి, తక్కువ వేగం లోడ్‌తో కొట్టాను.

మొదటి రోజే అద్భుతం జరిగిందని చాలాకాలం స్నేహితులకి చెప్పుకుంటూ వచ్చాను. నిజం అంత సూటిగా లేదు. కీహోల్స్ మొదటి రోజే పోయాయి, కానీ గ్రూప్, అంటే రంధ్రాలు పరుచుకున్న మేర, ఐదు అంగుళాల దగ్గర ఆగిపోయింది, బ్యారెల్‌లో సీసం అంటుకోవడమూ మానలేదు. రెండు నెలలపాటు డై తప్పనుకున్నాను. చివరికి ఒక తూటాని విప్పి బుల్లెట్ బయటికి లాగి కొలిస్తే 0.312 ఉంది! డైలోంచి 0.315తో వచ్చిన మెత్తటి సీసం, బిగువైన కేస్ మెడలోకి దిగేటప్పుడు మళ్లీ నలిగి సన్నబడిపోయింది. కేస్ మెడని వెడల్పు చేసే నా ఎక్స్‌పాండర్ 0.311 జాకెట్ బుల్లెట్ల కోసం చేసింది, రాగి జాకెట్ దానికి తట్టుకుంటుంది, సీసం తట్టుకోదు. లావు ఎక్స్‌పాండర్ ప్లగ్ పెట్టాక లాగిన బుల్లెట్ 0.3145 చూపించింది. ఆ వారం పది రౌండ్లు మూడు అంగుళాల లోపు పడ్డాయి, బ్యారెల్ తుడవడానికి నాలుగు గుడ్డ ముక్కలు సరిపోయాయి. అంతకుముందు ఇత్తడి బ్రష్‌తో గంట రుద్దేవాణ్ణి. ఆ టార్గెట్ ఇప్పటికీ గరాజ్ గోడ మీదే ఉంది.

ఇంకో సంగతి. డై సన్నగా చేయగలదు, లావు చేయలేదు. కారు చక్రాల బ్యాలెన్స్ బరువులు కరిగించి పోసినంత కాలం బుల్లెట్ పోసే అచ్చు, మోల్డ్, 0.316 ఇచ్చేది. అవి దొరకడం తగ్గి మెత్తటి సీసం ఎక్కువ కలిపాక అదే మోల్డ్ 0.3145 ఇవ్వడం మొదలుపెట్టింది, డైలో అడ్డంకే లేకుండా జారిపోయేవి. బుల్లెట్‌కి పొడి పెయింట్ పూసి కాల్చే పౌడర్ కోటింగ్ వేస్తే ఒకటి రెండు థౌలు పెరుగుతాయి కాబట్టి ఇప్పుడు కోటింగ్ కాల్చాక సైజ్ చేస్తున్నాను. పని నడుస్తోంది, కానీ ఒక్కో బ్యాచ్‌కి ఒక సాయంత్రం అదనంగా పోతోంది.

గత ఏడాది ఒక తెలుగు మిత్రుడు తన ఎన్‌ఫీల్డ్ కోసం నా బుల్లెట్లు అడిగాడు. అదీ నంబర్ 4 రైఫిలే, కానీ అతని రైఫిల్‌లో కాల్చిన కేస్ మెడలోకి, సైజ్ చేయకముందే, నా 0.315 బుల్లెట్ దూరలేదు. అలాంటప్పుడు తూటా చాంబర్‌లో బిగుసుకుని, బుల్లెట్ వదలడానికి మెడ విచ్చుకునే చోటు ఉండదు, పీడనం పెరిగిపోతుంది. బోల్ట్‌ని బలవంతంగా మూసి చూద్దామన్నాడు, వద్దన్నాను. అతని బ్యారెల్ స్లగ్ చేస్తే 0.312 వచ్చింది. అతనికి 0.313 డై కావాలి, నాది కాదు.

నాన్నకి ఫోన్‌లో ఇదంతా చెబితే ఓపిగ్గా విన్నారు. ‘మాకు తూటాలు లెక్కపెట్టి ఇచ్చేవాళ్లురా, కాల్చాక ఖాళీ కేసులు లెక్కపెట్టి తీసుకునేవాళ్లు. గుండు ఎంత లావుందో అడిగే పని మాకెక్కడిది’ అన్నారు. ఇండియాలో ఉన్న మిత్రులు కొందరు ఈ పని అక్కడ చేయొచ్చా అని అడుగుతుంటారు. లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం, ఆ ఆలోచనే పెట్టుకోకండి. అక్కడ ఎయిర్ రైఫిల్ ఆడే పిల్లలకి మాత్రం ఇదే విషయం ఇంకో రూపంలో తెలుసు. 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్ల తలలున్న పెల్లెట్ డబ్బాలు తెచ్చుకుని తమ బ్యారెల్‌కి ఏది నప్పుతుందో కొట్టి చూస్తారు.

కొనమంటానా అంటే, నా పరిస్థితిలో ఉన్నవాళ్లకి అవును. అంటే అరిగిన ఎన్‌ఫీల్డ్, స్లగ్ చేస్తే 0.314, విశాలమైన చాంబర్, సొంతంగా పోతపోసే ఓపిక, కిటికీలు తెరిచి ఫ్యాన్ పెట్టుకోగల గరాజ్, సీసం పనిలో పిల్లల్ని లోపలికి రానివ్వని ఇల్లు. నెలకోసారి ఇరవై రౌండ్లు కొట్టేవాళ్లకి ఇంత శ్రమ అక్కర్లేదు, లావు వ్యాసంలో చదును అడుగు జాకెట్ బుల్లెట్ దొరికితే దానితో మొదలుపెట్టండి. నేను 0.317 ఇచ్చే మోల్డ్‌కి ఆర్డర్ పెట్టాను, వచ్చే నెల అందుతుంది. మొదట పోసిన పది బుల్లెట్లు కొలిచాకే మిగతా సీసం కరిగిస్తాను.