గుండెలో మర్మర్ అన్నారా? వెంటనే టూడీ ఎకోనా, మళ్లీ ఒకసారి చూపించడమా: ఏది మేలు?

జ్వరంతో వచ్చిన పిల్లవాడి ఛాతీపై స్టెతస్కోపు పెట్టి డాక్టరు ‘మర్మర్ వినిపిస్తోంది’ అంటే, ఆ సాయంత్రమే అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో టూడీ ఎకో (గుండెను అల్ట్రాసౌండుతో చూసే స్కాన్) తీయించడం హైదరాబాదులో కష్టమేమీ కాదు. అయితే అలా తీయించడం మేలా, జ్వరం తగ్గాక మళ్లీ చూపించడం మేలా అన్నది ఆ శబ్దం ఎందుకు పుట్టిందన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

మర్మర్ తనంతట తాను జబ్బు కాదు. రక్తం సుడులు తిరుగుతూ ప్రవహించినప్పుడు వచ్చే చప్పుడు. జ్వరం, రక్తహీనత, గర్భం వంటి స్థితుల్లో రక్తప్రవాహం ఉద్ధృతమై, కవాటాలు (వాల్వులు) సవ్యంగా ఉన్నా అది వినిపించవచ్చు. చిన్నపిల్లల్లో, ముఖ్యంగా 3 నుంచి 7 ఏళ్ల వయసులో, తీగ మీటినట్లుండే ‘స్టిల్స్ మర్మర్’ హాని లేనిది; పడుకున్నప్పుడు స్పష్టంగా వినిపించి, లేచి నిలబడితే తగ్గుతుంది. చక్కగా తింటూ, ఆడుకుంటూ, వయసుకు తగ్గ బరువున్న ఇలాంటి పిల్లలకు ఆగి మళ్లీ చూపించడమే మేలని నా అభిప్రాయం.

నెలల బిడ్డ పాలు తాగుతూ మధ్యమధ్యలో ఆయాసంతో ఆగిపోతున్నా, నుదుట చెమటలు పడుతున్నా, పెదవులు నీలంగా మారుతున్నా ఒక్కరోజు కూడా ఆగకూడదు. గుండె వ్యాకోచించే దశలో మర్మర్ వినిపించినా, ఛాతీపై అరచేయి ఆనిస్తే ప్రకంపన తెలిసినా (మర్మర్ తీవ్రతను చెప్పే 6 స్థాయిల కొలతలో ఇది 4, ఆపైన), పెద్దవారికి మెట్లెక్కితే ఆయాసమో స్పృహ తప్పడమో ఉన్నా ఎకో తప్పనిసరి. గొంతునొప్పి తర్వాత కీళ్లవాతపు జ్వరం వచ్చిన పిల్లలకూ అంతే; కవాటం దెబ్బతిన్నదో లేదో తేలితేనే 3 వారాలకోసారి ఇచ్చే పెన్సిలిన్ ఇంజెక్షన్లు ఎన్నేళ్లు కొనసాగించాలో నిర్ణయించగలరు.

శబ్దం పెద్దదైతే జబ్బూ పెద్దదని చాలామంది అనుకుంటారు. నిజానికి జఠరికల (గుండె కింది గదుల) మధ్య గోడలోని చిన్న రంధ్రమే గట్టిగా మోగుతుంది, పెద్ద రంధ్రం కొన్నిసార్లు మెత్తగానే ఉంటుంది.

ఖర్చు తక్కువని ఈసీజీతో సరిపెట్టుకోవడం మాత్రం రెండింటికీ ప్రత్యామ్నాయం కాదు, ఎందుకంటే రంధ్రాన్నీ కవాటపు లీకునూ అది నేరుగా చూపలేదు. పిల్లలకు ఎకో తీయించాల్సి వస్తే, పిల్లల గుండెజబ్బుల నిపుణులున్న చోటికే వెళ్లడం మంచిది. కదలకుండా ఉండని పసివాళ్లకు ఒక్కోసారి నిద్రమందు ఇవ్వవలసి వస్తుంది కనుక, అవసరం లేకుండా తీయించకపోవడానికి అదీ ఒక కారణమే.