నాలుగో డౌన్: తన్నాలా, తెగించాలా?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో పది గజాలు ముందుకు వెళ్లడానికి జట్టుకు నాలుగు అవకాశాలు ఇస్తారు. వాటిని డౌన్‌లు అంటారు. మూడు అయిపోయాక కోచ్ ముందు మూడు దారులుంటాయి: బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి అప్పగించే పంట్, గోల్ స్తంభాల మధ్య నుంచి తన్ని 3 పాయింట్లు తెచ్చుకునే ఫీల్డ్ గోల్, లేదా తెగించి మిగిలిన గజాల కోసం ఆడటం. అవి వస్తే మళ్లీ నాలుగు అవకాశాలు, రాకపోతే బంతి అక్కడే ప్రత్యర్థికి.

గోల్ గీతకు గజం దూరంలో ఉంటే తెగించడమే మేలు. అక్కడ ఫీల్డ్ గోల్ దాదాపు ఖాయమే, కానీ వచ్చేవి మూడే. టచ్‌డౌన్ (బంతిని గోల్ గీత దాటించడం) అయితే అదనపు పాయింటుతో కలిపి ఏడు. రెండుసార్లలో ఒక్కసారి ఫలించినా సగటున మూడున్నర. విఫలమైనా ప్రత్యర్థి తన గోల్ గీతను ఆనుకుని, వెనక జాగా లేని చోట ఆట మొదలుపెట్టాలి. ఫీల్డ్ గోల్ కొడితే మాత్రం కిక్‌ఆఫ్ (స్కోరు తర్వాత దూరంగా తన్ని ఇచ్చే బంతి) అందుకుని చాలా ముందు నుంచి మొదలుపెడుతుంది. ఈ రెండో లాభం చాలామంది లెక్కలోకి రాదు. బర్క్‌లీ ఆర్థికవేత్త డేవిడ్ రోమర్ 2006లో ప్రచురించిన పత్రంలో వీటన్నిటినీ లెక్కగట్టి, జట్లు అవసరానికి మించి తన్నుతున్నాయని చూపారు. 2018 సూపర్ బౌల్‌లో (లీగ్ ఫైనల్) ఈగల్స్ 15-12 ఆధిక్యంలో ఉండి కూడా, మొదటి సగం ఇంకా 38 సెకన్లు మిగిలి ఉండగా, గజం దూరం నుంచి తెగించి టచ్‌డౌన్ చేసింది. చివరికి 41-33తో గెలిచింది.

సొంత సగంలో ఎనిమిది, పది గజాలు కావాలంటే పంటే సరి, అందులో చర్చ లేదు. రెండు గజాలే అయితే? 2009లో కోల్ట్స్‌పై 34-28తో ముందున్న పేట్రియట్స్ కోచ్ బెలిచిక్, ఆట ముగియడానికి రెండు నిమిషాల పైచిలుకు ఉండగా, సొంత 28 గజాల గీత దగ్గరే తెగించారు. ఫలించలేదు, జట్టు 35-34తో ఓడింది. విమర్శలు వెల్లువెత్తాయి. ఆయన చేసింది సరైన పనే అంటాను. ఆ రెండు గజాలు వస్తే గెలుపు దాదాపు ఖాయమయ్యేది. పంట్ చేస్తే కోల్ట్స్ దాడిని నడిపించే పేటన్ మానింగ్ చేతికి బంతీ, కావలసినంత సమయమూ ఇచ్చినట్టే.

ఫలితాన్ని చూసి నిర్ణయాన్ని తిట్టేవారు తన్ని ఓడినవారిని ఎందుకు వదిలేస్తారు? 2021 జనవరిలో బకనీర్స్ కంటే 8 పాయింట్లు వెనకబడిన ప్యాకర్స్, రెండు నిమిషాలు మిగిలి ఉండగా, గోల్ గీతకు 8 గజాల దూరంలో ఉండి ఫీల్డ్ గోల్ కొట్టింది. ఆ తర్వాత కూడా టచ్‌డౌన్ తప్పనిసరే. బంతి మళ్లీ దాని చేతికి రానేలేదు.

2024 జనవరిలో 49ఎర్స్‌పై లయన్స్ కోచ్ డాన్ క్యాంప్‌బెల్ రెండుసార్లు తెగించి రెండుసార్లూ విఫలమయ్యారు. మొదటిది, 24-10తో ముందున్నప్పుడు రెండు గజాల కోసం చేసినది, నేనూ చేస్తాను. రెండోసారి 27-24తో వెనకబడి, మూడు గజాలు కావాలి. అక్కడ ఫీల్డ్ గోల్ కొడితే స్కోరు సమమయ్యేది. నేనైతే ఆ ఒక్కసారి కిక్కర్‌నే పంపేవాణ్ణి.